అండమాన్ నికోబార్ దీవుల్లో డిసెంబరు 30

డిసెంబరు 30 గ్రెగోరియన్ క్యాలెండరులో 364వ రోజు. లీపు సంవత్సరమైతే 365వది. దీని తరువాత ఏడాదికి మిగిలేది ఒక్క రోజే. తెలుగు ఇళ్లలో ఈ తేదీకంటూ సొంత పండుగ లేదు. అయితే ఎప్పుడూ ధనుర్మాసంలోనే పడుతుంది కనుక ముంగిట్లో ముగ్గులు, గొబ్బెమ్మలు, వైష్ణవాలయాల్లో తిరుప్పావై ఉండనే ఉంటాయి. తిథి కలిసొచ్చిన ఏడు, 2025లో మాదిరిగా, ముక్కోటి ఏకాదశే ఆ రోజున వస్తుంది. అండమాన్ నికోబార్ దీవుల్లో మాత్రం ఈ తేదీ ఒక మనిషికీ ఒక జెండాకూ ముడిపడిపోయింది. 1943లో ఆ రోజున పోర్ట్ బ్లెయిర్ జింఖానా మైదానంలో సుభాష్ చంద్రబోస్ త్రివర్ణ పతాకం ఎగరేశారు. దేశవ్యాప్త సెలవు దినం కాకపోయినా, దీవుల ఆధునిక చరిత్రలో ఇంత తరచుగా తలచుకునే తేదీ మరొకటి లేదు. ఆ మైదానంలో ఆ పూట జరిగింది ఎంత ఘనమైనదో, అదే పూట అదే ఊళ్లో జైలు గోడల లోపల జరుగుతున్నది అంత ఘోరమైనది. రెంటినీ పక్కపక్కన పెట్టి చెప్తేనే ఈ తేదీ చరిత్ర పూర్తవుతుంది.

జెండా పండుగ దాకా

జపాన్ సేనలు 1942 మార్చి 23న పోర్ట్ బ్లెయిర్‌లో దిగాయి. బ్రిటిష్ దళాలు అప్పటికే వెళ్లిపోయాయి కాబట్టి పోరాటమంటూ దాదాపు జరగలేదు. మొదట్లో స్థానికులు కొంత ఆశపడ్డారు. తెల్లవాళ్లు పోయారు, వచ్చినవాళ్లు ఆసియా వాళ్లు, పైగా భారత స్వాతంత్ర్యానికి మద్దతని చెప్తున్నారు. ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ శాఖ కూడా పోర్ట్ బ్లెయిర్‌లో ఏర్పడింది. ఆ ఆశ ఎన్నో నెలలు నిలవలేదు.

అటు సింగపూరులో 1943 అక్టోబరు 21న బోస్ ఆజాద్ హింద్ తాత్కాలిక ప్రభుత్వాన్ని ప్రకటించారు. ప్రభుత్వానికి జెండా ఉంది, సైన్యం ఉంది, మంత్రులున్నారు. లేనిదల్లా నేల. నవంబరు మొదటి వారంలో టోక్యోలో జరిగిన మహా తూర్పు ఆసియా సమావేశానికి బోస్ పరిశీలకుడిగా వెళ్లారు. అక్కడ జపాన్ ప్రధాని టోజో, తమ ఆధీనంలో ఉన్న అండమాన్ నికోబార్ దీవులను ఆజాద్ హింద్ ప్రభుత్వానికి అప్పగిస్తామని ప్రకటించాడు. ఏడాది ముగిసేలోగా భారత భూమిపై అడుగు పెడతామని బోస్ అంతకుముందే సభల్లో మాటిచ్చి ఉన్నారు. డిసెంబరు ఆఖరున ఆయన పోర్ట్ బ్లెయిర్ రావడంలో ఆ మాట నిలబెట్టుకోవాలన్న తొందర కనిపిస్తుంది. గడువుకు ఒక్క రోజు ముందు జెండా ఎగిరింది.

డిసెంబరు 29న ఆయన విమానంలో దిగారు. వెంట వచ్చిన కొద్దిమందిలో ఆనంద మోహన్ సహాయ్, అంగరక్షక అధికారి కెప్టెన్ రావత్, సొంత వైద్యుడు కల్నల్ డి.ఎస్. రాజు ఉన్నారు. ఈ మూడో పేరు దగ్గర తెలుగు పాఠకుడు కాస్త ఆగాలి. దాట్ల సత్యనారాయణరాజు గోదావరి జిల్లాల మనిషి. స్వాతంత్ర్యం వచ్చాక రాజమండ్రి నుంచి లోక్‌సభకు ఎన్నికై, కేంద్రంలో ఉపమంత్రిగా పనిచేశారు. కాకినాడ రంగరాయ వైద్య కళాశాల స్థాపన వెనక ఉన్నదీ ఆయనే. అండమాన్ జెండా పండుగ గురించి తెలుగులో రాసేవాళ్లలో ఆయనను తలచుకునేవారు అరుదు.

బోస్‌కు బస రాస్ దీవిలో, అంతకుముందు బ్రిటిష్ చీఫ్ కమిషనర్ ఉండిన బంగళాలో ఏర్పాటు చేశారు. మర్నాడు ఉదయం జింఖానా మైదానంలో పతాకావిష్కరణ, ప్రసంగం జరిగాయి. తరువాత సెల్యులర్ జైలు చూశారు. అండమాన్ దీవులకు షహీద్ అని, నికోబార్ దీవులకు స్వరాజ్ అని పేర్లు పెట్టారు. ఆ జెండా వంశవృక్షం వెతికితే కొమ్మ మళ్లీ ఆంధ్రదేశానికే వస్తుంది. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశంలో పింగళి వెంకయ్య గాంధీజీ చేతికిచ్చిన నమూనా నుంచే ఆ త్రివర్ణం ఎదిగింది.

ఈ సంఘటన గురించి ఒక అతిశయోక్తి తరచూ వినిపిస్తుంది: దేశంలో త్రివర్ణ పతాకం ఎగిరింది మొదట అక్కడేనని. అది సరికాదు. 1929 డిసెంబరు 31న లాహోరులో రావి ఒడ్డున నెహ్రూ ఎగరేసిన జెండా అంతకు పద్నాలుగేళ్ల ముందుది. పోర్ట్ బ్లెయిర్ ప్రత్యేకత వేరు. బ్రిటిష్ పాలన తొలగిన భారత భూభాగం మీద, స్వతంత్ర ప్రభుత్వాధినేతనని ప్రకటించుకున్న భారతీయుడు జెండా ఎత్తడం అక్కడ తొలిసారి జరిగింది. మణిపూర్‌లోని మొయిరాంగ్‌లో ఆజాద్ హింద్ ఫౌజ్ జెండా పాతింది 1944 ఏప్రిల్ 14న. అక్కడివాళ్లు మొదటి స్థానం తమదంటారు, ఎందుకంటే అక్కడికి ఫౌజ్ పోరాడి చేరింది. పోర్ట్ బ్లెయిర్‌కు బోస్ అతిథిగా వచ్చారు. రెండు వాదాలకూ బలముంది.

అదే రోజు జైలు లోపల

సెల్యులర్ జైల్లోని రాజకీయ ఖైదీలందరినీ బ్రిటిష్ ప్రభుత్వం 1937 నిరాహార దీక్షల తరువాత, 1938 మొదట్లోగా స్వదేశానికి తరలించింది. కాబట్టి 1943 చివర్లో ఆ గదుల్లో మగ్గుతున్నవాళ్లు ఆంగ్లేయుల ఖైదీలు కారు. గూఢచారులన్న అనుమానంతో జపాన్ వాళ్లు పట్టుకొచ్చిన దీవుల పౌరులు. మిత్రరాజ్యాల జలాంతర్గాములు తీరానికి రహస్యంగా మనుషుల్ని చేరవేస్తున్నాయి, జపాన్ ఓడలు మునుగుతున్నాయి. ఎవరో సమాచారం ఇస్తున్నారన్న అనుమానం చదువుకున్నవాళ్ల మీద, ఉద్యోగస్తుల మీద పడింది. నీళ్లు తాగించడం, కాల్చడం, వేలాడదీయడం లాంటి పద్ధతులతో ఒప్పుదల వాంగ్మూలాలు రాబట్టారు.

వాళ్లలో డాక్టర్ దివాన్ సింగ్ ఒకరు. సియాల్‌కోట్ ప్రాంతంలో పుట్టిన ఈ పంజాబీ వైద్యుడు 1927లో అండమాన్‌కు బదిలీపై వచ్చి అక్కడే స్థిరపడ్డారు. కవి కూడా. 'వగదే పాణీ' అన్న ఆయన కవితా సంపుటి 1938లో వెలువడింది. పంజాబీలో వచన కవిత్వానికి దారి తీసినవారిలో ఆయనను లెక్కిస్తారు. గురుద్వారా కట్టించి, అందులో పిల్లలకు చదువు చెప్పించారు. పేరు పక్కన 'కాలేపాణీ' అని చేర్చి ఆయనను తలచుకుంటారు. ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ స్థానిక శాఖకు ఆయనే అధ్యక్షుడు. అంటే బోస్ ఉద్యమానికి ఆ ఊళ్లో పెద్ద దిక్కు. 1943 అక్టోబరులో జపాన్ వాళ్లు ఆయనను పట్టుకుపోయారు. డిసెంబరు 30న తన నాయకుడు మైదానంలో ప్రసంగిస్తున్నప్పుడు దివాన్ సింగ్ చిత్రహింసలు మొదలై రెండు నెలలు దాటింది. 1944 జనవరి 14న ప్రాణం పోయింది.

బోస్ జైలు చూసినా ఖైదీల గోడు ఆయన చెవిన పడలేదు. పర్యటన పొడుగునా జపాన్ అధికారులు చుట్టూ ఉన్నారు, స్థానికులను విడిగా కలవనివ్వలేదు. ఆయనకు తెలిసి ఊరుకున్నారా, తెలియనివ్వలేదా అన్న చర్చ ఇప్పటికీ నడుస్తూనే ఉంది. తెలియనివ్వలేదన్న వాదనకే ఆధారాలు ఎక్కువ. తెలిసినా ఆయన చేతిలో ఏ అధికారమూ లేదన్నది అంతకన్నా గట్టి నిజం.

ఆ అధికారం ఎంతటిదో తరువాతి నెలలు తేల్చాయి. ఆజాద్ హింద్ తరఫున చీఫ్ కమిషనర్‌గా లెఫ్టినెంట్ కల్నల్ ఎ.డి. లోగనాథన్ 1944 ఫిబ్రవరిలో వచ్చారు. ఆయన కూడా వైద్యుడే. పోలీసు శాఖ ఇమ్మని అడిగితే జపాన్ నావికాదళం ఒప్పుకోలేదు. చివరికి ఆయనకు దక్కింది విద్యాశాఖ. ఆరోగ్యం చెడి ఆ ఏడాదే వెనుదిరిగారు. జెండా ఒకరిది, పాలన ఇంకొకరిది.

లోగనాథన్ రాకముందే మరో దారుణం జరిగిపోయింది. 1944 జనవరి 30న, జెండా పండుగకు సరిగ్గా నెల తిరిగేసరికి, గూఢచర్యం నేరం మోపి 44 మంది భారతీయులను పోర్ట్ బ్లెయిర్ వెలుపల హంఫ్రీగంజ్‌కు తీసుకెళ్లి కాల్చి చంపారు. చనిపోయినవాళ్లలో చాలామంది ఇండిపెండెన్స్ లీగ్ సభ్యులే. యుద్ధం చివర్లో తిండి కరువైనప్పుడు, 1945 ఆగస్టులో, పనికిరానివాళ్లని తాము లెక్కవేసిన వందలమందిని పడవల్లో హావ్‌లాక్ దీవి వైపు తీసుకుపోయి సముద్రంలోకి తోసేశారు. జపాన్ లొంగుబాటు కార్యక్రమం 1945 అక్టోబరులో జరిగింది. వేదిక అదే జింఖానా మైదానం. ఈసారి ఎగిరింది బ్రిటిష్ జెండా.

2018: మూడు దీవులకు కొత్త పేర్లు

జింఖానా మైదానం తరువాతి కాలంలో నేతాజీ స్టేడియం అయింది. పతాకావిష్కరణకు 75 ఏళ్లు నిండిన 2018 డిసెంబరు 30న ప్రధాని నరేంద్ర మోదీ పోర్ట్ బ్లెయిర్ వచ్చారు. 150 అడుగుల ధ్వజస్తంభం మీద జెండా ఎగరేశారు. 75 రూపాయల స్మారక నాణెం, తపాలా బిళ్ల విడుదల చేశారు. రాస్ దీవికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమని, నీల్ దీవికి షహీద్ ద్వీపమని, హావ్‌లాక్ దీవికి స్వరాజ్ ద్వీపమని పేర్లు ప్రకటించారు.

ఇక్కడొక తేడా గమనించాలి. 1943లో షహీద్, స్వరాజ్ అన్నవి రెండు ద్వీప సముదాయాలకు పెట్టిన పేర్లు. స్వరాజ్ అన్నది నికోబార్‌ది. 2018లో రెండు పేర్లూ అండమాన్ సముదాయంలోనే, పర్యాటకులు ఎక్కువగా వెళ్లే రెండు చిన్న దీవులకు వచ్చాయి. నికోబార్ వాటా పోయింది. పత్రికలు చాలావరకు ఈ సంగతి పట్టించుకోకుండా బోస్ కోరిక నెరవేరిందని రాశాయి.

తీసేసిన పేర్ల మీద జాలిపడనక్కర్లేదు. హావ్‌లాక్, నీల్ ఇద్దరూ 1857 తిరుగుబాటును అణచిన సేనానులు. నీల్ మద్రాసు ఫ్యూజిలియర్స్ దళానికి అధిపతి; కాశీ, అలహాబాదు, కాన్పూర్లలో అతను జరిపించిన ఉరితీతలు ఇంగ్లీషు చరిత్రకారులకే రోత పుట్టించాయి. మద్రాసు మౌంట్ రోడ్డులో అతని విగ్రహం ఉండేది. దాన్ని తొలగించాలని 1927లో సత్యాగ్రహం జరిగింది, రాజాజీ ప్రభుత్వం వచ్చాక 1937లో తీసేశారు. ఆంధ్ర జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. విగ్రహం పోయిన 81 ఏళ్లకు దీవి పేరు కూడా పోయింది.

ఈ రెండు దీవుల్లో ఉంటున్నది ఎక్కువగా తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థుల సంతానం. దేశ విభజన తరువాత, 1949 నుంచి, అండమాన్‌లో వాళ్లకు భూములిచ్చి ఊళ్లు కట్టించారు. నీల్‌లో ఊళ్ల పేర్లు సీతాపూర్, రామ్‌నగర్, లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్. హావ్‌లాక్‌లో గోవింద్‌నగర్, రాధానగర్, శ్యామ్‌నగర్. పైనున్న ఇంగ్లీషు పేరుతో పని లేకుండా జనం లోపల తమ పేర్లు తాము పెట్టుకున్నారు. విభజన కోరిన ముస్లిం లీగ్ పుట్టింది ఢాకాలో, 1906 డిసెంబరు 30న. ఆ లీగ్ రాజకీయం వల్ల ఊళ్లు వదిలి వచ్చినవాళ్ల దీవులు అదే తేదీన పేరు మారడం కాకతాళీయమే. అయినా తేదీలవారీగా చరిత్ర చదివేవాళ్లకు ఇలాంటివే రుచి.

పేర్ల మార్పు అక్కడితో ఆగలేదు. 2023 జనవరి 23న, బోస్ జయంతి నాడు, పేరులేని 21 దీవులకు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిరే శ్రీ విజయపురం అయింది. జనం నోట ఇంకా పాత పేరే నడుస్తోంది.

2004: లేని ఉప్పెన

డిసెంబరు 26 సునామీ దీవులను ఎంత దెబ్బతీసిందో తెలిసిందే. దేశపు దక్షిణ కొస ఇందిరా పాయింట్ దగ్గర నేల 4 మీటర్లకు పైగా కుంగి, దీపస్తంభం అడుగుభాగం సముద్రంలో నిలిచింది. కార్ నికోబార్ వైమానిక స్థావరం తుడిచిపెట్టుకుపోయింది. నాలుగో రోజున, డిసెంబరు 30న, మరో సునామీ రావచ్చని కేంద్ర హోంశాఖ హెచ్చరిక జారీ చేసింది. దానికి ఆధారం ఒక విదేశీ ప్రైవేటు సంస్థ జోస్యం లాంటి అంచనా. తమిళనాడు, ఆంధ్ర, అండమాన్ తీరాల్లో జనం పిల్లాపాపలతో పరుగులు తీశారు, సహాయక బృందాలు పనులు ఆపి వెనక్కి వచ్చాయి. ఏ అలా రాలేదు. ఆ హెచ్చరిక వట్టిదని శాస్త్ర సాంకేతిక మంత్రి కపిల్ సిబల్ అదే రోజు కొట్టిపారేశారు.

అంత గందరగోళం నుంచి ఒక మేలు కలిగింది. శాస్త్రీయమైన హెచ్చరిక వ్యవస్థ సొంతంగా ఉండాలని ప్రభుత్వానికి తెలిసొచ్చింది. 2007 అక్టోబరులో హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ప్రాంగణంలో భారత సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం మొదలైంది. ఇప్పుడు నికోబార్‌లో భూమి కంపిస్తే అలలు వస్తాయో రావో నిమిషాల్లో చెప్పేది సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాదే.

తెలుగువాళ్లూ దీవులూ

2011 జనగణన ప్రకారం దీవుల జనాభాలో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు. బెంగాలీ, హిందీ, తమిళం తరువాతి స్థానం మనదే. ఉత్తరాంధ్ర నుంచి, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లిన మత్స్యకారులు, కూలీలు, చిరుద్యోగులు వీళ్లలో ఎక్కువ. విశాఖ రేవు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఓడ ప్రయాణం రెండు రోజులకు పైనే.

అంతకుముందు వెళ్లిన తెలుగువాళ్లు ఇష్టపడి వెళ్లినవాళ్లు కారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరకు పడిన మరణశిక్ష యావజ్జీవంగా మారి ఆయన అండమాన్ చేరారు. విడుదలై వచ్చి 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభ సభ్యుడయ్యారు. 1933 కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరం వెంకటాచారి కూడా సెల్యులర్ జైల్లో ఉన్నారు. ఏడు విభాగాల ఆ జైల్లో ఇప్పుడు నిలిచినవి మూడే.

ఈ తేదీన పుట్టినవారు, గతించినవారు

రమణ మహర్షి 1879 డిసెంబరు 30 తెల్లవారుజామున తిరుచ్చుళిలో పుట్టారు. ఆశ్రమంలో జయంతి మాత్రం తేదీని బట్టి కాక, ధనుర్మాసపు పునర్వసు నక్షత్రాన్ని బట్టి జరుపుతారు. వెంకటరామన్ అన్న పేరుగల ఆయనను భగవాన్ రమణ మహర్షి అని 1907లో పిలిచినది మన కావ్యకంఠ గణపతి ముని. హైదరాబాదు సంస్థానం విలీనానికి ముందు, 1948లో, భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా హైదరాబాదులో ఉండిన కె.ఎం. మున్షీ పుట్టింది కూడా ఈ తేదీనే, 1887లో. రచయిత రడ్యార్డ్ కిప్లింగ్ 1865లో బొంబాయిలో పుట్టాడు.

విక్రమ్ సారాభాయ్ 1971 డిసెంబరు 30న కోవళంలో కన్నుమూశారు. శ్రీహరికోటను రాకెట్ కేంద్రంగా ఎంపిక చేసిన కాలంలో అంతరిక్ష కార్యక్రమానికి సారథి ఆయనే. 2024లో అదే తేదీ రాత్రి 10 గంటలకు శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ60 ఎగిరి స్పేడెక్స్ జంట ఉపగ్రహాలను కక్ష్యలో పెట్టింది. జనవరి 16న ఆ రెండూ అంతరిక్షంలో కలుసుకోవడంతో ఆ విద్య నేర్చిన నాలుగో దేశం మనదైంది. శ్రీహరికోట నుంచి బంగాళాఖాతం మీదుగా వెళ్లే రాకెట్ల జాడ పట్టే ఇస్రో కేంద్రాల్లో పోర్ట్ బ్లెయిర్‌ది ఒకటి.

మోదీ దీవుల పేర్లు ప్రకటించిన రోజునే, 2018లో, కోల్‌కతాలో మృణాల్ సేన్ పోయారు. ప్రేమ్‌చంద్ కథ 'కఫన్' ఆధారంగా 1977లో ఆయన తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' తెలుగు చలనచిత్రాల్లో ఇప్పటికీ విడిగా నిలబడే సినిమా.

దేశాల సంగతికొస్తే, 1896లో మనీలాలో స్పెయిన్ పాలకులు కాల్చి చంపిన రచయిత హోసే రిసాల్ స్మృతిగా ఫిలిప్పీన్స్‌లో ఈ రోజు జాతీయ సెలవు. సోవియట్ యూనియన్ 1922లో ఈ రోజునే ఏర్పడింది. సమోవా దేశంలో 2011లో డిసెంబరు 30 అన్న రోజే లేదు. ఆ దేశం అంతర్జాతీయ దినరేఖకు అవతలి పక్క నుంచి ఇవతలికి మారడంతో డిసెంబరు 29 గురువారం రాత్రి పడుకున్నవాళ్లు 31 శనివారం నాడు లేచారు.

దీవుల్లో వేడుక, దీవుల్లో స్మరణ

ఏటా డిసెంబరు 30న శ్రీ విజయపురంలో జెండా వందనం, సభలు జరుగుతాయి. జనవరి 23ను 2021 నుంచి దేశమంతా పరాక్రమ దివస్‌గా పాటిస్తోంది. జనవరి 14 మనకు సంక్రాంతి హడావుడి, జనవరి 30 దేశానికి గాంధీజీ వర్ధంతి. దీవుల్లో ఆ రెండు తేదీలకూ వేరే బరువుంది: ఒకటి దివాన్ సింగ్‌ది, రెండోది హంఫ్రీగంజ్‌ది. తెలుగులో వెలువడే తేదీల పుస్తకాల్లో, పోటీ పరీక్షల గైడుల్లో, పాఠశాల గోడల మీద జెండా సంగతి ఉంటుంది, ఈ రెండూ ఉండవు. కూర్చేవాళ్లు డిసెంబరు 30 ఎదురుగా మరో రెండు పంక్తులు వేయాలి. అండమాన్ వెళ్లే తెలుగు యాత్రికులు సాధారణంగా సెల్యులర్ జైలు, రాస్, నీల్, హావ్‌లాక్ చూసి తిరిగొస్తారు. ఊళ్లో దివాన్ సింగ్ పేరిట గురుద్వారా ఉంది. హంఫ్రీగంజ్‌లో ఆ 44 మంది స్మారకం ఉంది. అది దక్షిణ అండమాన్‌లోనే కనుక అక్కడికి ఓడ ఎక్కే పని లేదు, రోడ్డు మీదే వెళ్లవచ్చు.